మంచు కరిగించిన కోటు

దర్జీ బాబాయ్ గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆ అమ్మాయి టీ కొట్టు బల్ల మీద ఓపిగ్గా కూచుంది. వంతెనలు కట్టే చదువు ఆమెది. రేపు పొద్దున్నే ప్రయాణం, ఒక సెమిస్టరు పరాయి దేశంలో. వెచ్చటి ఊళ్ళో ఒక కాలేజీ, చలి ఊళ్ళో ఒక కాలేజీ రమ్మంటే, మంచుకి వంతెనలు ఎలా బీటలిస్తాయో దగ్గరుండి చూపించే చలి ఊరినే ఎంచుకుంది. అమ్మ ససేమిరా అంది. "చలి సంగతి నాకొదిలెయ్యండి వదినగారూ, కోటు నేను కుడతాగా," అని ఈ బాబాయే ఒప్పించాడు. ఇప్పుడేమో కోటు కంటితో చూస్తేగానీ పంపనంటోంది అమ్మ.

"బాబాయ్, నా కోటు..."

"ఆఁ, కోటంటే గుర్తొచ్చింది!" బాబాయ్ కాలు మీద కాలేసుకున్నాడు. "కిందటేడు ఇలాగే చదువుకెళ్ళిన ఓ కుర్రాడికి కుట్టానమ్మా. దిగిన రోజే బస్సు కోసం నిలబడితే, చుట్టూ అందరూ గజగజ వణుకుతున్నారట, వీడేమో చెమట తుడుచుకుంటున్నాడట!"

"గుడ్డ మంచిదై ఉంటుంది," అన్నాడు పక్కనున్న పోస్టుమాన్.

"గుడ్డదేముందయ్యా, కుట్టిన చెయ్యి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? క్లాసంతా వీడి చుట్టూ మూగింది, మాస్టారు కూడా కుర్చీ లాక్కుని వీణ్ణి ఆనుకునే పాఠం చెప్పాడు, కాలేజీవాళ్ళు చూసి చూసి హీటర్లు కట్టేసి కరెంటు మిగుల్చుకున్నారు. అక్కడితో ఆగిందా? ఓ సాయంత్రం గడ్డకట్టిన చెరువు గట్టున అలా నడిచాడు. నడిచాడంతే! మంచు కరిగిపోయి, ఎండాకాలం వచ్చేసిందనుకుని చేపలు గుడ్లు పెట్టేశాయి."

"చేపలే?"

"చేపలే! ఊరి పెద్దలొచ్చి వీడి చేతులు పట్టుకున్నారు. 'నాయనా, ఆ పై గుండీ మాత్రం పెట్టుకోకు, కొండ మీద మంచంతా కరిగితే మా ఊరు కొట్టుకుపోతుంది' అని. వాడు వింటేగా! పెట్టేసుకున్నాడు. ఇంకేముంది, చలికాలం సెమిస్టరు కాస్తా సగంలోనే వేసవి సెలవులైపోయింది!"

అమ్మాయికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఈ కోతల జోరు గుడ్డ కొయ్యడంలో చూపించుంటే ఈపాటికి తన కోటు ఇంట్లో ఉండేది.

టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూ, తలెత్తకుండానే అడిగాడు. "ఆ కుర్రాడు మావాడేనా అన్నయ్యా?"

బాబాయ్ గతుక్కుమన్నాడు. "ఆ... మీవాడే."

"మావాడు వెళ్ళాడు, చదివాడు, తిరిగి కూడా వచ్చేశాడు. వాడి కోటు మాత్రం ఒంటి చేత్తో నీ కొట్లో కొక్కేనికే వేలాడుతోంది."

పోస్టుమాన్‌కి టీ పొలమారింది. బాబాయ్ మెడలో టేపు సర్దుకున్నాడు. అమ్మాయి మాత్రం నవ్వలేదు.

"ఆ కోటు నాకు పడుతుందా?" అనడిగింది.

"బ్రహ్మాండంగా. మావాడూ నీ పొడుగే," అన్నాడు టీ కొట్టాయన.

ఆమె బాబాయ్ చేతిలోంచి గ్లాసు తీసి పక్కన పెట్టింది.

"లే బాబాయ్. రెండో చెయ్యి కుట్టేదాకా నీ మిషను పక్కనే కూచుంటా. నీ కోటుకి మంచు కరగక్కర్లేదు, మా అమ్మ కరిగితే చాలు."