ఒక్కటే ప్లేటు

యుద్ధం రోజులు. కామారెడ్డి నుంచి వచ్చిన ఫోటోగ్రాఫరు ఎల్లారెడ్డిలో ఒక ఇంటి వాకిట్లో కెమెరా నిలబెట్టి, పక్కన రెండు లెన్సులు పెట్టాడు. చంటిబిడ్డను ఎత్తుకున్న ఇల్లాలు దగ్గరికి వచ్చి అడిగింది.

“రెండు అద్దాలెందుకన్నా?”

“ఈ పొట్టి లెన్సు పెడితే ఇంటిల్లిపాది పడ్తరమ్మా, మొహాలు మాత్రం చిన్నగొస్తయి. గీ పొడుగుదైతే ఒక్కరే పడ్తరు. కనురెప్పలు సుత కనిపిస్తయి.”

“రెండిటితోని తియ్యరాదా?”

“లడాయికి ఫోటో పడే గాజు ప్లేట్లు దొరుకుతలేవు. ఒక్కటే ఉన్నది.”

“అయితే పొడుగుదే పెట్టు. మా ఆయన మొహం తియ్యి.”

“నువ్వూ, బిడ్డా పడరు మరి.”

“ఆయనకు క్షయ. వానకాలం దాకా ఉండడన్నడు డాక్టరు. నన్నైతే బిడ్డ రోజూ చూస్తది. నాయనను చూడాలంటే గా ఫోటోనే కదా.”

“ఆయనను వెలుతురులకు తీస్కరా అమ్మా.”

“తెస్త. దగ్గు ఆగినంక తియ్యి, అన్నా.”