హిల్ స్ట్రీట్ ఫోటోలో నీడ

అబ్బే, నాకు షటిల్ సంగతి చెప్పకండి. ఆదివారం మీరు ఆంగ్ మో కియోలో ఆడుతుంటే, ఆన్‌లైన్‌లో తిరుగుతున్న ఈ ఫోటోలో ఉన్న నీడ ఎవరిది? ఫోన్ దగ్గరికి తీసుకుని చూడండి.

హిల్ స్ట్రీట్‌లో ఆర్మేనియన్ చర్చి. ముందు ఫుట్‌పాత్ మీద మీ ఆఫీసులో పనిచేసే ఆర్మేనియా అమ్మాయి అనాహిత్. చేతిలో అట్టముక్క. ‘మా ఊళ్ళు ఇవ్వం, ప్రధాని దిగిపోవాలి.’ ఆమె కాళ్ళ దగ్గర ఫోటో తీసినవాడి నీడ. భుజాన సంచి, అందులోంచి పొడుచుకొచ్చిన రాకెట్ పిడి. జిప్ పాడైన మీ సంచి అలాగే కదా ఉంటుంది?

నీడలన్నీ ఒకలాగే ఉంటాయా? బాగుంది!

ఆమె బాధ నాకు తెలియక కాదు. సరిహద్దు పల్లెల్ని అజర్‌బైజాన్‌కి ఇచ్చేస్తున్నారని వాళ్ళ రాజధాని యెరెవాన్‌లో జనం రోడ్ల మీదికొచ్చారు, ఆమె తమ్ముణ్ణి పోలీసులు పట్టుకెళ్ళారు. అన్నం తింటూ రోజూ మీరే చెప్పారుగా! అప్పుడే నాకు అనుమానం. మన ఒంగోలు ఎమ్మెల్యే ఎవరంటే తెలియని మనిషికి ఆర్మేనియా పల్లెల పేర్లు నోటికి వచ్చాయి.

ఈ దేశంలో ఒక్క మనిషి అట్ట పట్టుకుని నిలబడినా పోలీసు పర్మిట్ కావాలని తెలియదూ? ఇక్కడే స్థిరపడటానికి పెట్టిన మన పీఆర్ అప్లికేషన్ ఇంకా తేలలేదు. ఫోటో తీసినందుకు మీ వర్క్ పాస్ రద్దయితే మన పాప అక్షర బడి, ఈ సెంగ్‌కాంగ్ ఇల్లు, అన్నీ వదిలి పోవాలి.

సాయమే చేశారా? మరి నాతో ఎందుకు చెప్పలేదు? ఆమె కళ్ళు చూడండి. ఫోన్ వైపు లేవు. ఫోన్ పట్టుకున్నవాడి వైపు ఉన్నాయి.

కూర్చోండి, ఇంకా ఉంది.

మధ్యాహ్నం ఇద్దరు పోలీసులు వచ్చారు. చెప్పులు బయటే విడిచి, మర్యాదగానే మాట్లాడారు. ఆ రోజు ఆమె ఎక్కువసార్లు ఫోన్ చేసింది మీకేనట. ఈ ఫోటోనే చూపించి, ఆదివారం మీ ఆయన ఎక్కడున్నారని అడిగారు. అక్షర తొంగిచూసి “డాడీ బ్యాగ్ లా...” అనబోయింది. నీళ్ళు తెమ్మని లోపలికి పంపాను.

ఇంట్లోనే ఉన్నారన్నాను. జ్వరమన్నాను. నేనే జావ కాచి పట్టానన్నాను. రాసుకున్నారు.

అలా చూడకండి. అబద్ధమని తేలితే మీతోపాటు నేనూ జైలుకి పోతానని తెలుసు.

మీ కోసం చెప్పాననుకుంటున్నారా? అక్షర కోసమా? నేనూ అలాగే అనుకున్నాను, వాళ్ళు లిఫ్ట్ ఎక్కేదాకా. కాదండీ. పోలీసు కాగితంలోనైనా సరే, ఆమె పేరు పక్కన మీ పేరు ఉండటం నాకు ఇష్టం లేకపోయింది. అంతే.