మూడో పచ్చగేటు

ముందుగదిలో తల్లీకూతుళ్ళు. కూతురు ఫొటోలు తీసి బతుకుతుంది. ఆమె ఒళ్ళో ల్యాప్‌టాప్ తెరిచి ఉంది.

"మళ్ళీ మొదలెట్టావా అమ్మా? వాడికి మన ఊరే తెలీదు. నంబరు మార్చాం. పాప నా దగ్గరే ఉండాలని కోర్టూ చెప్పింది. వెబ్‌సైట్‌లో నా పేరు కూడా లేదు."

"పేరు లేకపోతే నీడ పడదా? మొగుడుగా ఉన్నప్పుడే నీ అడుగులు లెక్కపెట్టేవాడు. పిల్లని ఎత్తుకుపోతానని అందరిముందూ అన్నవాడు ఊరుకుంటాడా?"

"మూలన కూర్చుంటే పనెవరిస్తారు? ఇటు చూడు. మన వెబ్‌సైటు మునుపు పాడుబడ్డ బావిలా నల్లగా ఉండేది. ఇప్పుడెంత తెల్లగా, బొమ్మలు ఎంత పెద్దగా ఉన్నాయో! నెట్‌లో ఈ ఊరి ఫొటోలవాళ్ళ కోసం వెతికితే మొదట మనమే."

"మొదటా? ఏడో పేజీలో ఉన్నప్పుడే నయం."

"అంతా నీ చలవే. బొమ్మల కింద మాటలుంటేనే వెతికేవాళ్ళకి దొరుకుతామన్నాడుగా వెబ్‌సైటతను. నువ్వు రాసిచ్చినవి పోయినవారమే ఎక్కించేశాడు."

"అన్నీనా?"

"పెళ్ళి ఫొటోల పనిలో పడి నేనింకా చదవలేదు. అవునూ, నాలుగు దాటింది. పాప కోసం వెళ్ళలేదేం?"

"వెళ్ళక్కర్లేదులే, చెప్తాగా. ముందు చదువు."

"'వచ్చేవారు దారి తప్పకండి. నీళ్ళ ట్యాంకు దాటాక మూడో పచ్చగేటు.' అమ్మా!"

"ఎవరైనా దారి వెతుక్కుంటూ ఏ లారీ కిందో పడితే?"

"'నాలుగింటికి రావద్దు. సందు చివర బడి నుంచి పాపని తెచ్చుకోవాలి.' ఇదేమిటే అమ్మా?"

"తాళం చూసి తిట్టుకుంటారనీ..."

"ఈ ఫొటో... పాపది కూడా ఇచ్చావా?"

"పళ్ళూడిన నవ్వు. నువ్వు తీసినవాటిల్లో అదే ముద్దుగా ఉంటుంది."

"'మా బొంగరం.' అయ్యో! ఆ పేరెందుకు రాశావు? ఇక్కడికొచ్చాక మనిద్దరం పెట్టుకున్న పేరు. అది చెప్పినవాళ్ళతోనే పిల్లని పంపమని బడి ఆయాకి చెప్పింది ఎవరు? నువ్వేగా!"

"చేతికొచ్చింది రాసేశానే. నోట్లో ఎప్పుడూ అదే మాటాయె."

"ఆగు, ఆగు. చూసినవాళ్ళ లెక్క ఉందిక్కడ. ఈ ఒక్క పేజీనే... ఒకే ఫోన్ నుంచి... నిన్నట్నుంచి ముప్పై ఒక్కసార్లు చూశారు."

"ఎవరో పిల్లల ఫొటోల బేరమేమో."

"ఎవరు వెతికారో, ఏ మాటలు కొట్టి వెతికారో, పాప పాత ఫొటో పెట్టి వెతికారో... అమ్మా, లే. చెప్పులేసుకో. బడికి పోదాం."

"పాప బడిలో లేదే."

"మరి?"

"నువ్వు వెబ్‌సైటతన్ని పంపలేదూ?"

"ఎక్కడికి?"

"బడికి. నాలుగవుతుండగా ఆయా ఫోన్ చేసింది. ఎవరో మగమనిషి వచ్చాడట, పాప వాళ్ళమ్మ పంపిందన్నాడట..."

"ఆయా ఆ పేరడగలేదా?"

"అడిగిందే. బొంగరం అన్నాడట. ఆ పేరు తెలిసిన మగాడు వెబ్‌సైటతనేగా అనుకున్నాను. చూడగానే పాప పరుగెత్తి చంకెక్కిందట."

"నువ్వేమన్నావు? అమ్మా, నువ్వేమన్నావు?"

"ప్రతిదానికీ హడలి చస్తానని తిడతావుగా... ఈ ఒక్కసారి భయపడకుండా, పంపించెయ్యమన్నాను."