చేప కోసం మారిన చిరునామా

హలో… ఆ, నేనే. ఈ ఇంట్లో మధ్యాహ్నం పూట ఫోనెత్తే తీరిక ఇంకెవరికుంటుంది? మీ బావ కుర్చీలో గురక పెడుతున్నాడు. పిల్లి ఎత్తదు.

మారిట్? నువ్వేనా? ఏంటే ఆ హోరు, ఎక్కడున్నావు?…

మంచు మీదా! ఇంత గాలిలోనా?… ఓహో, గుడిసెలో. నువ్వు మనసిచ్చిన లైల్ గారి చక్రాల గుడిసెలో. గడ్డకట్టిన సరస్సు నడిబొడ్డున, మంచుకి వేసిన కన్నం ముందు కూర్చుని అక్కకి ఫోను. బాగుంది. చేప పడిందా?…

పడలేదు. మరి ఆ ఏడుపు గొంతు చేప కోసమేనా?…

ఆగు, ఆగు. ముక్కు తుడుచుకో. ఇప్పుడు మొదట్నించి చెప్పు. అరిజోనాలో ఆ టూసాన్ ఆసుపత్రి వాళ్ళు వద్దన్నారా?…

వాళ్ళు కాదు. నిన్ను అక్కడికి పంపించే ఏజెన్సీ వాళ్ళు… ఊఁ… కాయితాలు సరిచూసే అబ్బాయి… ఊఁ… "అమ్మా, మీ నర్సు లైసెన్సేమో నార్త్ డకోటాది, మీ డ్రైవింగ్ కార్డేమో మిన్నెసోటాది, ఇంతకీ మీ కాపురం ఎక్కడ?" అన్నాడు. మర్యాదస్తుడే. నేనూ చాన్నాళ్ళుగా అదే అడుగుదామనుకుంటున్నాను.

ఉండు. నీ కార్డు మిన్నెసోటాది ఎప్పుడయింది?…

దేని కోసం?…

మళ్ళీ చెప్పు. వినపడింది, అయినా ఇంకోసారి వినాలనుంది.

…చేపల కోసం.

అంటే, సొంత రాష్ట్రం వాళ్ళకైతే చేపలు పట్టే లైసెన్సు చవక. పరాయివాళ్ళకి ఎక్కువ. నీ పేరు మీద ఎక్కువ కట్టడానికి లైల్‌కి ప్రాణం ఉసూరుమంది. "ఎలాగూ నా ఇంట్లోనే ఉంటున్నావు, కార్డు మార్చేసుకో" అన్నాడు. నువ్వు వెళ్ళి, వరసలో నిలబడి, ఫొటో కూడా దిగావు. నవ్వావా ఫొటోలో?…

నవ్వింది! మా తల్లే! ఆ నవ్వు నవ్వి నలభై రాష్ట్రాలు నదిలో కలిపొచ్చావు.

నవ్వడం లేదే. దగ్గొచ్చింది…

తెలియకపోవడం ఏంటే? ప్రతి థాంక్స్‌గివింగ్‌కీ నా భోజనాల బల్ల మీద పాఠం చెప్పేది నువ్వే కదా! బంగాళదుంపల గిన్నె నార్త్ డకోటా. దాని చుట్టూ ఉన్న గిన్నెలూ పళ్ళేలూ అన్నీ నర్సుల ఒప్పందంలో చేరిన రాష్ట్రాలు. వీటిలో ఎక్కడ కాపురముండి లైసెన్సు తెచ్చుకున్నా మిగతా అన్నిట్లోనూ సూది వెయ్యొచ్చు. ఆ మూల ఒంటరిగా ఉన్న ఊరగాయ గిన్నె మిన్నెసోటా. అది ఎవరితోనూ కలవదు. చుట్టాలందరూ తలలూపారు. మా అత్తగారైతే ఆ రోజు ఊరగాయ ముట్టలేదు పాపం. అంత బాగా చెప్పినదానివి, వెళ్ళి వెళ్ళి ఆ గిన్నెలోనే పడ్డావా?…

అవునే, నాకూ అన్యాయంగానే ఉంది. నది మీద వంతెన దాటి మిన్నెసోటాలోకి పోతే నీ చేతులు మారవు. మూర్‌హెడ్‌లో రక్తనాళం మన ఫార్గోలో ఉన్నట్టే ఉంటుంది. జ్వరం కూడా ఏ రాష్ట్రందో చెప్పి రాదు. ఇదంతా చట్టాలు చేసేవాళ్ళకి చెప్పు, వెంటనే కమిటీ వేస్తారు. కమిటీ కాఫీ తాగి, ఎండాకాలం దాకా వాయిదా వేస్తుంది. ఎండాకాలంలో వాళ్ళు కూడా చేపలకే పోతారు.

సరే, ఇప్పుడేం చెయ్యమంటావు? ఊరికే వినిపించడానికైతే నువ్వు ఫోన్ చెయ్యవు…

ఊఁ… ఊఁ… ఓహో. అదా.

నేను చెప్పాలి. నువ్వు మొదట్నించీ మా ఇంట్లోనే ఉంటున్నావని. మా మేడ మీద గదిలో.

మారిట్, ఆ గదిలో ఇప్పుడెవరుంటున్నారో తెలుసా? చర్చి అమ్మకానికి నేను కుడుతున్న బొంతలు. నేల నించి కిటికీ దాకా బొంతలే. మంచం ఎక్కడో వాటి కింద ఉండాలి. నువ్వు ఆఖరిసారి అక్కడ పడుకున్నది మీ బావకి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు. అది కూడా తెల్లారేసరికి నా మంచి దుప్పటి చంకన పెట్టుకుని మాయమయ్యావు…

నీ పళ్ళ బ్రష్షా? ఎందుకు లేదు, ఉంది. మీ బావ దాంతో సైకిల్ గొలుసు తోముకుంటున్నాడు.

కాదే. చెప్పను… నీతులు కాదు, నా మాట విను. రేపు ఆ నర్సుల బోర్డు వాళ్ళకి అబద్ధం రాసిచ్చావని తేలిందనుకో, నలభై సంగతి సరే, చేతిలో ఉన్న ఒక్క లైసెన్సూ ఊడుతుంది. అప్పుడిక జీవితాంతం లైల్ పట్టే చేపలే దిక్కు. అవి పడటమూ లేదంటున్నావు…

నాకు తెలుసు. తెలుసే. టూసాన్ ఆసుపత్రిలో ఆ కాలిన గాయాల వార్డు కోసం రెండేళ్ళ నించి చూస్తున్నావు. ఎవరైనా సెలవు పెడతారా, ఎవరైనా పెళ్ళి చేసుకుని మానేస్తారా అని. నేను మర్చిపోలేదు. ఎన్నాళ్ళు ఆగుతామన్నారు?…

శుక్రవారం దాకా. తర్వాత ఆ చోటు ఇంకొకరికి. ఇవాళ మంగళవారం.

మిన్నెసోటా లైసెన్సు తెచ్చుకుంటే?… అది అక్కడికే పనికొస్తుంది. అరిజోనాకి మళ్ళీ విడిగా పెట్టుకోవాలి, అది వచ్చేసరికి వార్డులో వాళ్ళందరికీ గాయాలు మానిపోతాయి. ఆఁ, అర్థమయింది.

ఒక్క మాట అడుగుతాను, ఉన్నదున్నట్టు చెప్పు. నీకు టూసాన్ కావాలా, లైల్ కావాలా?…

రెండూనా. ఆకలి బాగానే ఉంది.

అయితే అబద్ధం ఎందుకు, నిజంగానే వచ్చెయ్. ఇక్కడికి. నటించడానికి కాదు, ఉండడానికి. ఏ ఊళ్ళో పని చేసినా, అది అయిపోయాక పెట్టె తెచ్చి పడేసే చోటు ఇదే కావాలి. కార్డు మళ్ళీ ఇక్కడిది, నార్త్ డకోటాది తీసుకో. బోర్డు వాళ్ళకి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పు, చేపతో సహా. వాళ్ళూ మనుషులే, నవ్వుకుంటారు. బొంతలు నేను తీసేస్తాను. ఓవెన్లో హాట్‌డిష్ ఉంది, నీకిష్టమైన దుంపలు పైన అద్దినది…

లైల్ సంగతేంటి అంటే? వాడికి కాళ్ళు లేవా? నది మీద వంతెన లేదా?…

అడగలేదా? ఇంతసేపూ నా దగ్గర ఏడ్చావు, పక్కనే ఉన్నవాణ్ణి ఒక్క ముక్క అడగలేదా! ఏం చేస్తున్నాడు?… కన్నంలోకి చూస్తున్నాడు. అందులోంచి తలెత్తమని ఫోను వాడికివ్వు… ఇవ్వవే, కొరకను.

ఏమయ్యా లైల్. ఎలా ఉన్నావు?… "ఫరవాలేదు." మీ వాళ్ళకి ఇల్లు తగలబడుతున్నా ఫరవాలేదే. అడిగినందుకు నాది తప్పు.

వదినా గిదినా అంటే కరిగిపోను. పెళ్ళయ్యాక అందువుగాని. చూడు, ఈ పిల్లంటే నీకు ఇష్టమేనా?… నేనడుగుతున్నది మారిట్ గురించి… ఆఁ. "చాలానే." మిన్నెసోటా వాడి నోట చాలానే అని వచ్చిందంటే అది ప్రేమలేఖే. చెవికి చేరింది.

నీ పనెక్కడ?… ట్రాక్టర్ల కొట్లో. ఆ కొట్టు ఎక్కడ?… ఫార్గోలో. మా వైపు. జీతం మా వైపు. మధ్యాహ్నం తిండి మా వైపు. మంగలి కూడా మా వైపేనట, మారిట్ చెప్పింది. మరి పడుకోవడానికి మాత్రం రోజూ నది దాటి ఎందుకు పోతున్నావు? మీ తాతగారు కట్టిన ఇల్లా?…

అద్దె ఇల్లా!

అద్దె ఇల్లట! నేనింకా మీ తాతగారు మొద్దులు మోసి కట్టారేమో, దాని కోసం కన్నీళ్ళు పెట్టుకోవాలేమో అనుకున్నాను. మరేంటయ్యా అడ్డం?…

ఊఁ?… గొణగకు, గాలి హోరు… ఆఁ, ఇప్పుడు వినపడుతోంది. నువ్వు మా వైపు కాపురానికి వస్తే…

నువ్వు పరాయి రాష్ట్రం వాడివవుతావు. నీ సరస్సులో, నీ గుడిసెలో, నువ్వు తవ్విన కన్నం ముందు కూర్చుని, నీ చేపకి నువ్వే పరాయివాళ్ళ లైసెన్సు కొనుక్కోవాలి.

లేదయ్యా, నవ్వట్లేదు… దగ్గు. మా ఇంటిల్లిపాదికీ దగ్గు.

సరే, దగ్గు ఆగింది. ఇప్పుడు నవ్వకుండా ఒకటి చెప్తాను. ఆ పిల్ల నీకు నాలుగు డబ్బులు మిగలాలని వెళ్ళి నవ్వుతూ ఫొటో దిగొచ్చింది. దాంతో ఆమెకి పోయింది ఉద్యోగం ఒక్కటే కాదు. కాలిపోయిన ఒంటికి నొప్పి తెలియకుండా కట్టు మార్చడం దానికి వచ్చినట్టు ఎవరికీ రాదు. నేను చూశాను, మా ఆయన చెయ్యి కాగే నూనెలో పడ్డప్పుడు. అంత మంచి చెయ్యి, గాలం పట్టుకుని కన్నం ముందు కూర్చుంది. దానికి బదులు నువ్వు చెయ్యాల్సింది ఏడాదికోసారి కాస్త ఎక్కువ కట్టడం. కట్టేటప్పుడు కౌంటర్ దగ్గర "పరాయివాణ్ణి" అని పైకి చెప్పడం. అంతే. కష్టమే, కాదనను.

లైల్?… లైల్! ఉన్నావా, కన్నంలో జారావా?

మారిట్. ఏమయ్యాడే?… టోపీ పెట్టుకుని బయటికెళ్ళాడా. ఏం చేస్తున్నాడు?… సరస్సు కేసి చూస్తూ నిలబడ్డాడు. నిలబడనీ. పెళ్ళామా చేపా అనే ప్రశ్న మగవాడికి రోజూ రాదు.

నువ్వు మాత్రం రేపు పొద్దున్నే వచ్చెయ్…

"వాడేమంటాడో చూసి"నా? వాడేమన్నా సరే, నీ కార్డు నీది. అడిగినవాడికి "ఇదీ నా ఇల్లు" అని చెప్పాల్సింది నువ్వు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నిన్ను ఒక్కసారి అడిగారు, నువ్వు చేపలు ఎక్కడ చవకో ఆ ఊరి పేరు చెప్పొచ్చావు. మళ్ళీ అడుగుతున్నారు. ఈసారైనా ఆలోచించి చెప్పు.

ఇదిగో, మారిట్. తొమ్మిదేళ్ళుగా దేశమంతా ఒక్కర్తివీ తిరిగావు. ఎక్కడో కొండల్లో మంచు తుఫానులో సొంతంగా బండి తోలుకుంటూ డ్యూటీకి వెళ్ళానని గొప్పలు చెప్పావు. అలాంటిదానివి, ఈ పిల్లకాలువ దాటడానికి తోడు కావాలా?…

నువ్వాలోచించు, నేనెక్కడికీ పోను…

ఊఁ.

అదీ మాట. వాడొచ్చినా రాకపోయినా. మళ్ళీ ఓసారి చెప్పు… ఆఁ. "రేపు పొద్దున్న." మా బంగారమే. దుప్పటి కూడా తీసుకురా, నాది.

ఏంటే ఆ చప్పుడు?… కిర్రుమంటోంది, మంచు బీటలిస్తోందా? మారిట్! బయటికి పరుగెత్తు!…

కాదా? మరేంటి?… పైకి మడిచిన చక్రాలు కిందకి దింపుతున్నాడా? ఎవరు, లైలా? ఎందుకు?…

గుడిసెని బండికి తగిలిస్తున్నాడా! నువ్వు లోపలుండగానే! నీతో ఏమైనా అన్నాడా?… ఒక్క ముక్కా అనలేదు. ఓరి దేవుడా. అనడే, వాడు అంతకంటే మాట్లాడడు. అయినా దానర్థం ఏమిటో అడగవే! కిటికీలోంచి అడుగు!…

ఏమన్నాడు?…

"మీ అక్క వాకిట్లో ఇది పడుతుందా" అన్నాడా.

…ఏం లేదే. ఈసారి నిజంగానే దగ్గు.

పడుతుందని చెప్పు. గరాజు పక్కన, మీ బావ బార్బెక్యూ పొయ్యి జరిపిస్తే సరిగ్గా సరిపోతుంది. నువ్వు ముందు అందులోంచి దిగి ముందు సీట్లో కూర్చో, చేపల బుట్టలా వెనకాల రాకు. ఆ కన్నం దగ్గర గుర్తుగా కొమ్మ పెట్టమను, ఎవరైనా పడతారు… ఏంటి? ఇంకేదో అడుగుతున్నాడా?… పరాయివాళ్ళ లైసెన్సు ఏ కొట్లో ఇస్తారనా? నాకేం తెలుసే, నేనెప్పుడైనా కొన్నానా! వంతెన దాటగానే సామాన్ల కొట్టుందిగా, అక్కడ అడగమను. కాస్త తలెత్తుకుని అడగమను. హలో?… మారిట్?… హలో?…

పోయింది.

ఏమండీ! లేవండి. మేడ మీద బొంతలు కిందకి దించాలి… ఎందుకంటే, ఇంటికి మనిషి వస్తోంది… ఊహూఁ, ఒక్క రాత్రికి కాదు. ఉండడానికి… ఒక్కర్తే కాదు, వాడు కూడా… ఇంకా ఉంది, కూర్చోకండి. ఆ పొయ్యి కూడా జరపాలి. వాళ్ళ వెనకాల ఓ గుడిసె వస్తోంది.