నూట పదిహేడో టోకెను

(1999 అక్టోబరు. ఓట్ల లెక్కింపు అయిన మరునాడు పొద్దున. ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి పోయే బస్సు.)

"దిగన్నా. నీ కాళ్లు పట్టుకుంటా, దిగు వరదయ్యన్నా."

"సంచి వదల్రా జయపాలూ. ఉదయగిరి పోయి బావమరిది పక్కన కూర్చోని చెక్క గరిటెలు చెక్కుకుంటా. ఓబమ్మను, పిల్లల్ని రేపు రమ్మన్నా. ఈ ఊళ్లో మళ్లా మొహం చూపించను."

"చర్చి కాడ అందరూ కూర్చోనుండారు. మిల్లోళ్లంతా. వరదన్న వచ్చి ఏం చెప్తాడో విందామని."

"ఏందిరా వినేది? పంతొమ్మిది. మూడొందల నలభై మంది బైబిల్ మీద చెయ్యి పెట్టి, కుట్టుమిషన్ గుర్తుకే గుద్దుతామన్నారు. పడినవి పంతొమ్మిది. మిల్లులో పన్జేసినోడు ఎమ్మెల్యేకి నిలబడితే మిల్లోళ్లే వెయ్యలా."

"అన్నా, అది కాదు..."

"ఏది కాదు? ఒకడు ఢిల్లీలో కూర్చోని బయటి దేశం నూలుకు తలుపులు బార్లా తెరిచినాడు. మన నూలు కొనే దిక్కు లేక మిల్లు మూతబడితే, ఇంకొకడు హైదరాబాదులో కూర్చోని కంప్యూటర్లు నేర్చుకోండి అన్నాడు. పెంచలనరసయ్యకు యాభై నాలుగేళ్లు. కండెలు మార్చడం తప్ప ఏమీ రాదు. ఆయన కంప్యూటరు నేర్చుకోవాలంట. థూ. మళ్లా ఆ ఇద్దరికే గుద్దినారు మనోళ్లు. బిర్యానీ పొట్లానికి, బ్రాందీ సీసాకి."

"గుద్దలేదన్నా."

"నువ్వు చూసినావా?"

"చూసినా. నువ్వు రెండో రౌండుకే లేచి బయటికి పోయినావు. ఏజెంటు కార్డు నా జేబులో ఉండాది గదా. నేను చివరిదాకా కూర్చున్నా."

"కూర్చోని ఏం పీకినావు? నిన్న లెక్కింపు అయినాక నెల్లూరు నుంచి బస్సులో వస్తా ఎన్నిసార్లు అడిగినా. నోరు తెరవలా."

"చెల్లని ఓట్లు ఒక పక్కన కట్టినారన్నా."

"ప్రతిసారీ కట్టేదే."

"అందులో మూడొందలకు పైన మనయ్యే. కుట్టుమిషన్ మీద ముద్ర చక్కంగా పడుండాది. పక్కనే పెన్సిలుతో ఒక అంకె."

"ఏం అంకె?"

"టోకెన్ నెంబరు. ఎవరి మిల్లు నెంబరు వాళ్లు రాసినారు. ఆడోళ్లు మొగుళ్ల నెంబర్లు రాసినారు. ఓటు ఎవరిదో తెలిసేట్టు చీటీ మీద ఏం రాసినా చెల్లదంట. ఆఫీసరు రూల్సు పుస్తకం తీసి చూపించినాడు."

"టోకెన్ నెంబరా."

"నేను కొట్లాడినా. ఆయనా కాసేపు తటపటాయించి, రెండు పార్టీల ఏజెంట్లనూ అడిగినాడు. పొద్దుట్నుంచి ఒక్కో చీటీకి చొక్కాలు పట్టుకున్నోళ్లు, మన కాడికి వచ్చేసరికి ఇద్దరిదీ ఒకటే మాట. చెల్లవు సార్, పక్కన పెట్టండి అని. అయినాక ఒకడి సిగరెట్టుతో ఇంకొకడు అంటించుకున్నాడు."

"మిల్లు మూసేటప్పుడూ అంతే గదా. అప్పుడూ ఒక్కడు నోరెత్తలా. వాళ్ల సంగతి తెలిసిందే, వదిలెయ్. మనోళ్లకేం పొయ్యేకాలం? నెంబరు రాయమని ఎవుడు చెప్పినాడు? రెండేళ్లు తినీ తినక తిరిగింది దీనికా? రాసినోళ్ల వేళ్లు విరగ్గొట్టాల."

"పద్దెనిమిదేళ్లు రాసిన చేతులన్నా అవి. లీవు కాగితం కానీ, ఇంట్లో చావుకు పోతామన్న కాగితం కానీ, నెంబరు లేకపోతే మేనేజరు చదవకుండానే బుట్టలో వేసేవాడు. నెంబరెయ్యని కాగితం ఎవరి చేతికీ ఇయ్యొద్దని యూనియన్ గేటు మీటింగులో చెప్పింది నువ్వే."

"అది మిల్లురా. ఇది ఓటు."

"వాళ్లకు కాగితం కాగితమే. నీకేసిన ఓటు యాడా తప్పిపోకూడదని రాసినారు. నిన్న బస్సు దిగంగానే శీనమ్మవ్వ ఎదురొచ్చి, మా ఇంటాయన నెంబరు నీకు చేరిందా నాయనా అనడిగింది."

"చెప్పినావా?"

"ఎట్ట చెప్పేది? మీ చేత్తో మీరే ముంచినారని ఆ ముసిల్దానికి ఎట్ట చెప్పమంటావు?"

"చెప్పాల. నేనైతే మొహం మీదే చెప్తా. మీరొట్టి ఎద్దులురా, మీకీ గతి పట్టాల్సిందే అని చెప్తా. అసహ్యం పుడతా ఉండాది జయపాలూ. ఆ దొంగనాయాళ్ల మీద పుట్టినదానికంటే ఎక్కువ పుడతా ఉండాది. ఇట్టాంటోళ్ల కోసమా నేను వీధివీధీ తిరిగింది?"

"అన్నా, నీ నెంబరు నూట పదిహేడు గదా."

"అవును. దానికేంది?"

"అది రెండు చీట్ల మీద ఉండాది."

"ఒకటి ఓబమ్మదై ఉంటాది. ఎంత చెప్పినా దానికి ఎక్కదు."

"రెండోదాని మీద ఏడంకెకు నడుమ అడ్డగీత ఉండాదన్నా. ఆ గీత నేను యూనియన్ కాగితాల మీద చూస్తానే ఉండా ఇన్నేళ్లు."

"ఏడుకు నడుమ గీత కొట్టేది మిల్లులో నేనొక్కణ్ణే."

"డ్రైవరు ఎక్కినాడన్నా. పోతానంటే పో. సంచి పైన పెట్టమంటావా?"

"వద్దు. ఇటియ్యి. చర్చి కాడికి పోదాం పద. ముందు నా చీటీ సంగతి చెప్తా."