చెక్కల నేల మీద గోడపొయ్యి

హార్సిలీ కొండ కింద గురవమ్మ టీ అంగడి ముందర జీపు ఆపి, "ఎక్కు మేస్త్రీ, పొద్దు గూకతా ఉండాది" అన్నాడు గిరిప్రసాద్.

కొండమీద ఆయన కొత్తగా కట్టిన ఇంట్లో కూతురు ఐశ్వర్య పసిబిడ్డతో చలికి ముడుక్కోని ఉండాది. ఆ గది నేలంతా చెక్క పలకలు. గోడలో చలిమంట పొయ్యి కట్టింది దొరస్వామి మేస్త్రీ. కట్టినోడి చేత్తోనే తొలి మంట ముట్టించాల గదా, అందుకని పిలుచుకపోను వచ్చినాడు. దొరస్వామి మాత్రం టీ గ్లాసు దించలా.

"ఉండన్నా, వీళ్లకి చెప్పనీ. ఒప్పందమేమప్పా అంటే, సెగకి చెక్క అంటుకోకుండా పొయ్యి కిందా ముందరా పలకలు కోసి తీసేసి, మట్టి నుంచి ఇటుక కట్టుబడి లేపి, దానిమీద బండ పరచాల. వేరే మేస్త్రీ అయితే వారం చేస్తాడు. నేను పొద్దున మొదలుపెట్టి అన్నం వేళకి ఆ బండమీద కూర్చోని బీడీ తాగినా!"

"అన్నం వేళకేనా!" అన్నాడు పాలవ్యాను తోలే మునిచంద్ర.

"ఆ తర్వాత ఏమైందో తెలుసునా? మొన్న నేనొక్కడినే ముట్టించి చూసినా. చింతమొద్దులు కొలిమి మాదిరి కాలతా ఉంటే, బండ ఇవతల పలకమీద వెన్నముద్ద పెట్టినా. కరగలే! ఇంకా గట్టిపడింది!"

అందరూ నవ్వినారు. గిరిప్రసాద్ నవ్వలా. బిడ్డ మంచం ఆ పలకల మీదే ఉండాది. తిరుపతి ఇంట్లో ఇదే దొరస్వామి వేసిన బాత్రూము నేల వాటం తప్పి, ఈ పొద్దుటికీ నీళ్లు హాల్లోకొస్తాయి. బావమరిది మాట తీసేయలేక మళ్లా ఈ మనిషికే పని ఇచ్చినాడు గానీ, ఆ సంగతి మరిచిపోయేవాడు కాదు.

"చాల్లే, లెయ్యి."

"లేస్తానన్నా, పొగ సంగతి విననీ. గొట్టంలోంచి నిటారుగా లేచి, మబ్బుకి తగిలి, పోయి మదనపల్లె టమోటా మార్కెట్టు మీద వాలింది. వేలం పాడేవోళ్లు తుమ్మినప్పుడల్లా ధర పెరిగిపాయ!"

"అబ్బో!"

"అబ్బో అంటావా? ఆ వెచ్చదనానికి చిరుత వచ్చి, గడప దగ్గర ముందరికాళ్లు చాపి చలి కాగతా కూర్చునింది. దాని ఎనక ఎలుగ్గొడ్డు, దాని ఎనక జింకలు. 'తోసుకోకండి, వరసలో రాండి' అని నేనే అరిచినా. ఆ సెగ అట్లే పోయి తిరుమల కొండెక్కి, ఆడ దర్శనానికి కూర్చున్న జనం దుప్పట్లు మడిచి..."

గిరిప్రసాద్ ఫోను మోగింది. ఐశ్వర్య.

"నాయనా, బిడ్డ చేతులు చల్లబడతా ఉండాయి. కట్టెలు పేర్చినాము. మేమే ముట్టించేస్తాం."

ఆయన ఫోను చెవి దగ్గరే పట్టుకోని దొరస్వామి వైపు చూసినాడు. "ముట్టించమంటావా మేస్త్రీ?"

దొరస్వామి ఇప్పుడు గ్లాసు దించినాడు. "ముట్టించమను... కానీ చిన్న మంటే... అయినా నేను లేకుండా ఎందుకులే అన్నా, రేపు సూద్దాం."

గురవమ్మ పొయ్యి ఊదేది ఆపి తలెత్తింది. "దొరస్వామన్నా, ఏ ఇంట్లో పని చేసినా పీకిన చెక్క మేస్త్రీదే గదా. కిటికీ రెక్క గానీ దూలం ముక్క గానీ, నా పొయ్యికి తెచ్చి పడేసి టీ తాగిపోతావు. ఈ ఇంటి నుంచి ఒక్క పేడు గూడా రాలేదే. కోసిన పలకలు యాడన్నా?"

"చిరుత ఎత్తకపోయింటాదిలేక్కా" అన్నాడు మునిచంద్ర. ఎవురూ నవ్వలా.

"అగ్గిపుల్ల గీయొద్దమ్మా!" గిరిప్రసాద్ ఫోన్లో అరిచినంత పని చేసినాడు. "బిడ్డను దుప్పట్లో చుట్టుకోని వంటింట్లోకి పో. నేను వచ్చేదాకా ఆ గదిలోకి పోవద్దు."

ఫోను జేబులో వేసుకోని, గొంతు దించి అడిగినాడు. "పలకలు కోయకుండా వాటిమీదే బండ పరిచినావా?"

దొరస్వామి ఖాళీ గ్లాసులోకి చూసినాడు.

"బండ మందమైందేలే అన్నా."