మొన్నటిదాకా నా చేతిలోనే

అద్దాల పెట్లో పెట్టినారు మామా, నా కదురును! తాళం కూడా ఏసినారు. ఎవురిచ్చినారంటావా? ఇంకెవురు, నీ కూతురే!

"మా కాలేజీలో పిల్లోళ్లకు చూపించి ఎల్లుండి తెచ్చిస్తానుమా" అనింది. వారమాయ. నువ్వు చూస్తే మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకోని, సగం కంబళి ముందరేసుకోని, దారమేదే అంటాండావు. కదురు లేకుండా బొచ్చు ఎట్ల వడకాల నేను? అందుకే ఈ పొద్దు బస్సెక్కి పులివెందులకు, దాని కాలేజీకే పోయినా.

పెట్టె మీద చీటీ ఉండాది. ఒక పాపతో చదివించుకున్నా. 'పారిశ్రామిక పూర్వ కాలపు పనిముట్టు' అంట. నాకు నోరు తిరగలా. అట్లంటే ఏందమ్మా అంటే, "మిషన్లు రాకముందు కాలం అవ్వా. ఇప్పుడు ఎవురూ వాడరు" అనింది.

మిషన్లు రాకముందు అని మనమూ అంటాం. పిండి మిషన్ రాకముందు, రాగులు ఇసురుకునే కాలం. ఆ కాలం పోయింది, ఒప్పుకుంటా. కదురు యాడ పోయింది? పోయిన మంగళవారం నేను వడికింది ఏంది మల్ల? బతికుండంగానే పటం కట్టి దండేసినట్టు లేదూ?

నీ కూతురు మల్లిక ఆడనే ఉండాది మామా, పెద్ద సారు పక్కన. నన్ను చూసింది. చూసి తల తిప్పుకునింది! మాయమ్మ అని ఒక్క మాట... ఊహూ. ఉయ్యాల్లో దాన్ని కాలితో ఊపుతా వడికినానే, ఆ కదురుతోనే!

అద్దం మీద చెయ్యి పెట్టినా. "ముట్టుకోవద్దవ్వా" అన్యాడు సారు. మంచోడే పాపం. నవ్వుతా, "దీంతో వడికేది నీకొచ్చునా?" అని అడిగినాడు.

అప్పుడు చూసింది నీ కూతురు, నా దిక్కు. చెప్పొద్దుమా అని కండ్లతోనే బతిమాలింది.

ఆ... నేనేం చెప్పినానా? ఎందుకులే ఇప్పుడు.

అట్ల చూడాకు మామా. చెప్తా.

"నాకేం తెల్సు సార్, మాయవ్వ కాలందేమో" అంటి. అని, కదురును ఆడనే ఇడిసిపెట్టి వచ్చినా.

ఇంగ గుంతలోనుంచి లెయ్యి. దారం రాదు.